సర్దుకుంటున్నామండీ

పంపు నెత్తిమీది బిరడా విప్పి, బకెట్టులోని నీళ్లు దాంట్లోకి వంచుతున్నాడు అతను. సగం లోపలికి పోయాయి. మిగతా సగం మోచేతి మీదుగా కారి చెప్పుల్లోకి దిగాయి. ఈ పంపుతో వచ్చిన తంటా ఇదే. నీళ్లు తోడాలంటే ముందు దానికే నీళ్లు తాగించాలి. గొట్టం అడుగున వాల్వు పాడైంది గనక, రాత్రంతా గొట్టంలో నిలవాల్సిన నీళ్లు మళ్లీ బావిలోకి జారిపోతాయి. తెల్లారేసరికి పంపు గొంతెండి ఉంటుంది. అప్పుడు స్విచ్చి వేస్తే గుర్రుమని ఊరికే తిరుగుతుంది తప్ప చుక్క లాగదు.

నీళ్ల కోసం నీళ్లు అడుక్కునే ఈ దరిద్రపు మిషను కనిపెట్టినవాడెవడో వాడి మొహం చూడాలని ఉంది, అని రోజూ లాగే తిట్టుకున్నాడు. మనసులోనే. పైకి తిట్టడం అతనికి చేతకాదు.

సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. వాల్వులు తిప్పీ తిప్పీ అరచేతులు మాత్రం మనిషికి సంబంధం లేనంత వెడల్పుగా, గరుగ్గా తయారయ్యాయి. కళ్లజోడు ఒక పక్క విరిగితే దారం కట్టుకున్నాడు. బస్తీలో అందరూ పంపు బాబాయి అంటారు. లోపల మనిషి ఎప్పుడూ కుతకుత ఉడుకుతూ ఉంటాడు గాని, నోరు తెరిస్తే వచ్చేది మర్యాదే. "ఎలా ఉన్నావు బాబాయ్?" అని ఎవరడిగినా జవాబు ఒకటే. ఏదో సర్దుకుంటున్నాం. కాలు విరిగి కట్టు కట్టించుకున్న రోజున డాక్టరు అడిగితే ఆయనతోనూ అదే అన్నాడు. పెళ్లైన కొత్తలో గాలివానకి ఇంటి పైకప్పు రేకు ఎగిరిపోయింది. పక్కింటివాళ్లు గొడుగు పట్టుకొచ్చి, "మా ఇంటికి వచ్చెయ్యండి" అన్నారు. "పర్లేదండీ, సర్దుకుంటాం" అన్నాడు. ఆ రాత్రి అతని భార్య మంచం కింద పడుకుంది. ఆ సంగతి ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు, అతన్ని మరిచిపోనివ్వలేదు కూడా.

ఆమె టిఫిన్ డబ్బా తెచ్చి పంపు గది గుమ్మంలో పెట్టింది. పెట్టి వెళ్లకుండా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"వాళ్లు ఇవాళ ఖాయంగా వస్తున్నారా?"

"ఆఁ."

"ఏం చెప్తారో నాకోసారి చెప్పండి."

"చెప్తాలే."

"వాళ్లకి కాదు, ఇప్పుడు, నాకు."

అతను బకెట్టు కింద పెట్టి, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా గోడకేసి చూస్తూ అన్నాడు. "మెట్ల వీధికి నీళ్లు ఎక్కట్లేదండీ. ఆడవాళ్లు ఎండలో బిందెలు మోసుకుంటూ పడిపోతున్నారు. ఇలాగైతే మావల్ల కాదు. పైన ట్యాంకు కట్టించండి."

"బాగుంది. ఆ మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి."

"ఏ మాట?"

"ఏ మాటో మీకు తెలుసు," అని ఆమె వెళ్లిపోయింది.

తెలుసు. తెలిసే ఒళ్లు మండింది. నలభై దాటి ఎన్నేళ్లైందో, ఇంకా ఎలా మాట్లాడాలో నేర్పిస్తోంది. బిరడా బిగించి స్విచ్చి వేశాడు. ఈసారి పంపు నీళ్లు అందుకుంది. గొట్టం కదిలింది. అతను తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు.

ఒకప్పుడు ఇంత కష్టం లేదు. వాన తీరిగ్గా, నెలల తరబడి, చుట్టపుచూపుగా వచ్చిన అత్తలా ఉండి ఉండి కురిసేది. భూమి తాగేది, బావి నిండేది. ఇప్పుడు ఏడాది వానంతా రెండు మూడు రోజుల్లో కుమ్మరించేస్తుంది. మెట్లూ గొట్టాలూ కోసుకుపోతుంది. తర్వాత మొహం చూపించదు. బావికి తాగే వ్యవధే ఉండదు. ఎండలు మొదలయ్యేసరికి నీళ్లు అడుగుకి పోతాయి. ఉన్న ఆ కాసిన్నీ కింది వీధుల వరకు పారి అక్కడే అయిపోతాయి. గుట్ట మీదున్న మెట్ల వీధికి ఎక్కవు.

ఇలా దెబ్బతింటున్న బస్తీలకి నీటి భద్రత కోసం డబ్బిచ్చే నిధి ఒకటుందని, కిందటేడు పట్టణం నీళ్ల ఆఫీసు ఇంజనీరు వచ్చి చెప్పాడు. నీటి భద్రత అనగానే కింది వీధి ముసలాయన ఒకడు, "అంటే పంపు దగ్గర కాపలావాణ్ణి పెడతారా బాబూ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మొదటి విడతలో వచ్చినవి చూశాక, ముసలాయన అడిగిందే నయమనిపించింది. టోపీలు వచ్చాయి. చేతులు ఎలా కడుక్కోవాలో నేర్పే శిక్షణ వచ్చింది. ఆ రోజు నీళ్లు లేవు గనక గాల్లోనే కడిగి చూపించారు. పంపు గది గోడకి తలుపంత బోర్డు వచ్చింది. వాల్వు మాత్రం రాలేదు. అడిగితే, పాతదానికి మరమ్మతు ఈ నిధి కిందికి రాదు, కొత్తగా కట్టేవాటికే వస్తుంది అన్నారు. "పోనీ పంపు గది కూలగొట్టి కొత్తది కట్టమంటారా?" అని అతను అడిగాడు. ఇదీ మనసులోనే.

రెండో విడతలో అసలు పని ఉంది. మెట్ల వీధి పైన ట్యాంకు, దానికి విడిగా గొట్టం. బావిలో నీళ్లూ, తీగలో కరెంటూ ఉన్న సమయం చూసి పైకి ఎక్కించి దాచుకోవచ్చు. కాకపోతే ఇలాంటి బస్తీలు బోలెడున్నాయి, ఉన్న డబ్బు అందరికీ చాలదు. బొత్తిగా సర్దుబాటు చేసుకోలేనివాళ్లు వరసలో ముందు, ఎలాగో చేసుకున్నవాళ్లు వెనక. ఎవరు ముందో, ఎవరు వెనకో తేల్చడానికే నిధి తాలూకు విదేశీ మేడమ్ ఇవాళ వస్తోంది. సర్దుబాటు అన్నది వాళ్ల మాట. గోడ మీది బోర్డు కూడా అదే అంటుంది, వాతావరణ మార్పుకు సర్దుబాటు పథకం అని. ఆ బోర్డు బిగించిన రోజున అతని భార్య దాన్ని కింద నుంచి మీద దాకా చదివి, "మీ పేరే పెట్టారండీ" అంది.

టిఫిన్ డబ్బా మూత తీశాడో లేదో ఇంజనీరు ఫోను.

"ఏమయ్యా, మేడమ్ బయల్దేరారు. వచ్చేసరికి మెట్ల వీధి కుళాయిలో నీళ్లు రావాలి."

"సార్, నీళ్లు రావట్లేదనే కదా సార్ మనం చెప్పేది?"

"చెప్పేది వేరు, చూపించేది వేరు. కుళాయి ఎండి ఉంటే, మొదటి విడత డబ్బు ఏం చేశారని నన్నడుగుతుంది. నా పరువేం కాను?"

"వస్తే మరి, మీకింకా ఎందుకంటారేమో సార్."

"అది నేను చూసుకుంటాగా. నువ్వు ఎక్కించు."

"అలాగే సార్."

చూసుకుంటావు, నీ తలకాయ, అని అతను డబ్బా మూత పెట్టేశాడు. నీళ్లొస్తే అవసరం లేదంటారు, రాకపోతే చేతకాలేదంటారు. పైగా నిజం చెప్పాలంటే, అతనికీ మనసులో ఏ మూలో అదే ఉంది. ఇంటికి మనిషి వస్తోందంటే చిరిగిన దుప్పటి మంచం కిందికి తోసేస్తాం. ఎండిపోయిన కుళాయి ముందు నిలబెట్టి, చూడండి మా బతుకు అనడానికి అతనికి నోరు రాదు. వాల్వులు తిప్పే పొడుగాటి ఇనప చెయ్యి భుజాన వేసుకుని, వీధి వీధికీ వెళ్లి కింది వాల్వులన్నీ కట్టేశాడు. ఆఖరి వీధిలో ఆడవాళ్లు చుట్టుముట్టారు.

"బాబాయ్, సగం బిందె కూడా కాలేదు!"

"ఇవాళ ఒక్కపూట సర్దుకోండమ్మా."

"నిన్నా అదే అన్నావు!"

నిన్న కరెంటు లేదు, అది వేరే సంగతి. కాని ఆ తేడా నిండని బిందె పట్టుకున్న మనిషికి ఎలా వివరిస్తాం? అతను తల వంచుకుని మెట్లెక్కాడు.

మెట్ల వీధి మొదట్లోనే కుళాయి. కుళాయి దగ్గర వరస. ఆ వరసలో ఉన్నవాటిలో ఏ ఒక్కటీ నీళ్లు పట్టేది కాదు. మంచి బిందెలు పెడితే మాయమవుతున్నాయని, తమ వంతుకి గుర్తుగా ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకుంటారు. పిడి ఊడిన బకెట్టు, పగిలిన టబ్బు, ఒక ఇటుక. వాటి మధ్య మూతికి ఎర్ర గుడ్డపీలిక కట్టిన చిల్లు బిందె అతని అక్కది. ఒకరి వంతు అవగానే వెనకున్నవాళ్లు తమదాన్నీ, ముందున్న అందరివాటినీ కాలితో ఓ జరుపు జరుపుతారు. ఎవరూ మోసం చెయ్యరు. ఈ బస్తీలో తప్పకుండా నడిచేది అదొక్కటే.

అక్క బట్టలు కుడుతుంది. తల్లి పోయినప్పుడు అతనికి నిక్కరు వేసుకోవడం కూడా సరిగ్గా రాదు. ఆమే పెంచింది. బావ పోయాక కూతురు దూరప్రాంతానికి కాపురానికి వెళ్లినా, ఆమె ఈ ఇల్లు వదల్లేదు. పొద్దుటే మెట్లెక్కి వచ్చి అక్క గుమ్మంలో టీ తాగకపోతే అతనికి రోజు మొదలైనట్టే ఉండదు. పోయిన నెల ఆమె కింది నుంచి బిందె మోసుకొస్తూ మెట్ల మీద పడింది. కుడి మణికట్టు ఇంకా కట్టులోనే ఉంది. ఇవాళ లోపలికి తొంగిచూస్తే కుట్టు మిషను దుప్పట్లో చుట్టి, తాడు కట్టి ఉంది.

"ఏంటక్కా ఇది?"

"అల్లుడు సాయంత్రం ఇటువైపు సరుకు దించడానికి వస్తున్నాడు. ఖాళీ బండే కదా, వచ్చెయ్యమన్నాడు." అక్క ఎడం చేత్తో స్టూలు అతనికేసి తోసింది. "ట్యాంకు వస్తుందని ఇవాళ తేలిందనుకో, ఆ తాడు విప్పేస్తాను. లేదంటే ఎక్కేస్తాను. ఈ చేత్తో ఇంకో ఎండాకాలం నావల్ల కాదురా."

అక్కకి నావల్ల కాదు అనడం వచ్చు. అదేదో తనకీ నేర్పి ఉంటే బాగుండేది అనుకున్నాడు అతను. ఆమె లేని మెట్ల వీధి ఎలా ఉంటుందో ఊహించబోయి, ఆపేశాడు. ఇంతలో బయట కుళాయి దగ్గింది. రెండుసార్లు గాలి కక్కి, ఆపైన ధారగా నీళ్లు వదిలింది. వీధి వీధంతా కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చింది.

అక్క అతనికేసి చూసింది.

"ఈ వేళప్పుడు నీళ్లేంట్రా? నువ్వే ఎక్కించావా?"

"ఇంజనీరు గారు ఎక్కించమన్నారు."

"ఎండిన కుళాయి చూపించాల్సిన రోజున నీళ్లు చూపిస్తావా? నీకసలు బుర్రుందా?"

"నేను నోటితో చెప్తా కదక్కా."

"నువ్వు!" అంది అక్క. ఆ ఒక్క మాటే అంది.

మేడమ్ మెట్లెక్కి వచ్చేసరికి ఆమె మొహం కందగడ్డలా అయింది. పెద్దావిడ. చేతిలో సంచీ బరువుగా ఉన్నా ఇంజనీరుకి ఇవ్వలేదు. అక్క కుర్చీ వేస్తే, మీరు కూర్చోండి, మీ చెయ్యి బాగాలేదు కదా అని తాను గడప మీద కూర్చుంది. ఆమె మన భాష నేర్చుకుంది. ప్రతి మాటా పుస్తకంలోంచి జాగ్రత్తగా తీసి, దులిపి, అప్పగిస్తున్నట్టు మాట్లాడుతోంది. ఇలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టం. అదీ అతనికి చిరాకే.

"ఈ బస్తీలో నీటిని నిర్వహించేది ఈయనేనండీ," అన్నాడు ఇంజనీరు.

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పాఠం నోట్లో సిద్ధంగా ఉంది. మెట్ల వీధికి నీళ్లు ఎక్కట్లేదండీ. మొదటి మాట పెదవి దాకా వచ్చింది.

మేడమ్ చిరునవ్వుతో, రెండు చేతులూ జోడించి అడిగింది. "మీరు ఎలా ఉన్నారు? ఈ మార్పులకు సర్దుబాటు చేసుకోగలుగుతున్నారా?"

"ఏదో సర్దుకుంటున్నామండీ," అన్నాడు అతను.

అన్నాక విన్నాడు. వినేసరికి కాళ్ల కింద మెట్టు జారినట్టయింది. అక్క కళ్లు మూసుకుంది. మేడమ్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"సర్దుకుంటున్నారు!" అని ఇంజనీరు వైపు తిరిగింది. "నేను ఇన్ని ప్రాంతాలు తిరిగాను. ఒక్కరూ ఈ మాట అనలేదు."

"అది కాదండీ," అన్నాడు అతను. "నా ఉద్దేశం, అంటే, సర్దుకోవడమంటే..."

"మీ వినయం నాకు అర్థమైంది."

"అమ్మా," అంది అక్క గట్టిగా. "వాడలాగే అంటాడు. వాడి ప్రాణం పోతున్నా అదే అంటాడు. అది మా మాట తీరు, అంతే. ఈ నీళ్లు మాకు రోజూ రావు."

మేడమ్ కుళాయి వైపు చూసింది. నీళ్లు ధారకట్టి పారుతున్నాయి. ఎప్పుడూ లేనంత జోరుగా, బిందెలు నిండి, గట్టు పొర్లి, మెట్ల మీదుగా వయ్యారంగా దిగిపోతున్నాయి. ఆమె ఇంజనీరు వైపు చూసింది. కింది వీధులన్నీ కట్టేయించి ఇవి తెప్పించాను అని చెప్పాల్సిన మనిషి, తన బూట్ల మొనలు పరీక్షిస్తూ నిలబడ్డాడు.

"కష్టం లేదని నేను అనను," అంది మేడమ్ మెల్లగా. "కాని బొత్తిగా చుక్క లేనివారు ఉన్నారు. ముందు వారికి ఇచ్చి, తరువాత తప్పకుండా మీ వద్దకు వస్తాము." లేచి, అతని గరుకు చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నిజంగానే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. అతను చెయ్యి లాక్కుని, మావల్ల కావట్లేదు తల్లీ అని అరవాలనుకున్నాడు. గొంతులో అంతా ఉంది. బయటికి మాత్రం, "మంచిదండీ" అని వచ్చింది.

కారు మలుపు తిరిగిందో లేదో కరెంటు పోయింది. కుళాయి సన్నబడి, చుక్కలై, గాలి పీల్చి ఊరుకుంది. కింది నుంచి ఆడవాళ్ల తిట్లు మెట్లెక్కి వినిపిస్తున్నాయి. కరెంటు ఉన్నంతసేపూ నీళ్లన్నీ పైకి పోయాయి, ఇప్పుడు వాళ్లకి ఆ సగం బిందే గతి. పంపు మళ్లీ గొంతెండబెట్టుకుని కూర్చుంది.

అతను పంపు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఇంజనీరుకి ఫోను కలిపాడు. ఇన్నేళ్లలో మొదటిసారి, గోడ మీది బోర్డు అదిరేలా అరిచాడు.

"సర్దుకోలేకపోతున్నాం సార్! మావల్ల కావట్లేదు! మీరు మేడమ్‌కి చెప్పండి!"



"ఈ మాటేదో ఆవిడ ముందే అనొచ్చుగా?" అన్నాడు ఇంజనీరు. అతని గొంతు కూడా నీరసంగానే ఉంది. "ఆవిడ కార్లో కూర్చోగానే రాసేసుకుంది. మన బస్తీ వెనక్కిపోయింది. నన్నేం చెయ్యమంటావు చెప్పు? నేను నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది. ఈ ఏడాదికి ఎలాగో సర్దుకోండి."

అతను ఫోను పెట్టేశాడు. డబ్బాలో టిఫిన్ చల్లారిపోయి ఉంది. తిన్నాడు. తినకపోతే దానికోసం ఇంకోసారి మాట పడాలి.

సాయంత్రం భార్య వచ్చింది. తిడుతుందనుకున్నాడు. ఉదయం నుంచీ దానికి జవాబులు కూడా తయారు చేసుకున్నాడు. ఆమె తిట్టలేదు. "రండి, వదిన వెళ్లిపోతోంది" అంది, అంతే. తిట్టకపోవడం అతనికి ఇంకా అన్యాయంగా తోచింది.

బండి మెట్ల కింద ఆగింది. అల్లుడూ అతనూ కలిసి మిషను దించారు. సగం మెట్లు దిగాక అతను ఆగి ఊపిరి తీసుకుంటుంటే, "నేను పట్టుకుంటా మావయ్యా" అన్నాడు అల్లుడు. "పర్లేదు" అన్నాడు అతను. బట్టల మూట, రెండు గిన్నెలు, గోడ గడియారం. అంతే సామాను. అక్క ఇంటికి తాళం వేసి, తాళంచెవి మరదలి చేతిలో పెట్టి, ఎడం చేత్తో గోడ పట్టుకుని దిగింది.

అతను బండి పక్కన నిలబడ్డాడు. నావల్లే కదా అక్కా అనాలని ఉంది. ఉండిపో, రోజూ నేనే నీ బిందె మోస్తాను అనాలని ఉంది. పోయిన నెలంతా ఆ మాట అన్నాడు. రెండు రోజులు మోసి, మూడో రోజు పంపు చెడి రాలేకపోయాడు. అది ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

"వాళ్లది ఒక్క గదే కదక్కా," అన్నాడు చివరికి. "పిల్లలూ, వాళ్లూ, మళ్లీ నీ మిషనూ. ఎలా?"

అక్క బండి ఎక్కి కూర్చుంది. కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుంది. అతని వైపు చూడలేదు. ముందు అద్దంలోంచి కనిపించే రోడ్డునే చూస్తోంది.

"ఏదో సర్దుకుంటాను లేరా," అంది.

ఆ మాటకి అర్థం అతనికి తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. సర్దుకోలేను అని దాని అర్థం. ఇంక అడగకు, ఏడుస్తాను అని దాని అర్థం. నావల్ల కాదు అనడం వచ్చిన మనిషి, అతనికున్న ఒక్క అక్క, పోతూ పోతూ అతని మాటే ఎత్తుకుపోయింది. అతను బండి తలుపు పట్టుకునే ఉన్నాడు. అల్లుడు "మావయ్యా" అన్నాక వదిలాడు. బండి కదిలింది. దుమ్ము లేచింది, మళ్లీ నేలకి దిగింది. భార్య అతని భుజం మీద చెయ్యి వేసి, "ఈసారైనా ఏడవండి, ఎవరూ చూడట్లేదు" అంది. అతను కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

మెట్లెక్కి వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. కుళాయి దగ్గర వరస మళ్లీ మొదలైంది. పొద్దుటి నీళ్లకి ముందున్నవాళ్లందరి వంతులూ అయిపోయాయి. పక్కింటి కోడలు వచ్చి తన పగిలిన టబ్బు వెనకాల పెట్టింది. అలవాటు చొప్పున, ముందున్న బిందెని కాలితో ఓ జరుపు జరిపింది.

అక్క వెళ్లిపోయిందమ్మా, దాన్ని తీసెయ్యి అని చెప్పాలి. అతను నోరు తెరిచాడు. "ఏంటి బాబాయ్?" అంది ఆ పిల్ల. ఏం లేదన్నట్టు చెయ్యి ఊపి, ఇనప చెయ్యి భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు.

ఎండిన కుళాయికి సరిగ్గా కింద, వరసలో అందరికన్నా ముందు, మూతికి ఎర్ర గుడ్డపీలిక కట్టిన చిల్లు బిందె.